హాల్టన్ కుర్రాళ్లు



1919 చివరి నాటి మాట. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాది దాటింది. బ్రిటన్ వైమానిక దళానికి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. 1918 ఏప్రిల్ 1న పుట్టిన ఆ దళం చేతిలో, యుద్ధం ఆగేనాటికి 22 వేలకు పైగా విమానాలు, 3 లక్షలకు కొంచెం తక్కువ మంది మనుషులు ఉన్నారు. యుద్ధం అయిపోయింది, డబ్బూ అయిపోయింది. మనుషులను ఇళ్లకు పంపేశారు, విమానాలను తుక్కు కింద అమ్మేశారు. అసలు ఇలాంటి దళం వేరుగా ఎందుకు, మాలో కలిపేయండి అని ఒకవైపు సైన్యం, మరోవైపు నౌకాదళం పట్టుబట్టాయి.

ఆ దళానికి అధిపతి హ్యూ ట్రెంచార్డ్. ఆ డిసెంబర్‌లో ఆయన పార్లమెంటు ముందుకు వెళ్లే ఒక పత్రం రాశాడు. వైమానిక మంత్రిగా ఉన్న విన్‌స్టన్ చర్చిల్ దాన్ని సభకు సమర్పించాడు. రాత్రికి రాత్రి మొలిచి, పగటికి వాడిపోయిన బైబిల్ కథలోని తీగతో తన దళాన్ని పోల్చి, ఈసారి వేళ్లు లోతుగా దిగే మొక్కను నాటాలని ట్రెంచార్డ్ అందులో అడిగాడు. అలా అడిగిన మనిషి ముందుగా కొత్త విమానాలు కావాలనలేదు. ఉన్న కొద్దిపాటి డబ్బులో పెద్ద భాగాన్ని బడుల మీద, కట్టడాల మీద పెడతానన్నాడు. అధికారుల కోసం క్రాన్‌వెల్‌లో ఒక కళాశాల. పై అధికారుల కోసం ఆండోవర్‌లో మరొకటి. మూడోది, 15, 16 ఏళ్ల కుర్రాళ్లను తీసుకుని విమాన మెకానిక్‌లుగా తీర్చిదిద్దే పెద్ద బడి. ఈ వేళ నేను చెప్పదలచుకున్నది ఆ మూడో దాని గురించే. దాని పేరు నంబర్ వన్ స్కూల్ ఆఫ్ టెక్నికల్ ట్రైనింగ్. అది నిలిచిన చోటు హాల్టన్.

హాల్టన్ లండన్‌కు వాయవ్యంగా బకింగ్‌హామ్‌షైర్‌లో, చిల్టర్న్ కొండల పాదాల దగ్గర ఉంటుంది. ఆ ఎస్టేటు యజమాని ఆల్‌ఫ్రెడ్ డి రోత్‌షీల్డ్, ప్రఖ్యాత బ్యాంకర్ల కుటుంబీకుడు. 1880ల మొదట్లో అక్కడ ఫ్రెంచి కోటల తీరులో ఒక మేడ కట్టించుకున్నాడు. సొంత వాద్య బృందాన్నీ సొంత సర్కస్‌నూ పోషించిన షోకిల్లా ఆయన. 1913లో సైన్యం ఆ పొలాల్లో విన్యాసాలు చేసుకుంటానంటే రమ్మన్నాడు. అప్పుడే మొదటిసారిగా ఆ గడ్డ మీద విమానాలు దిగాయి. మరుసటి ఏడు యుద్ధం మొదలవగానే ఎస్టేటును సైన్యానికి అప్పగించాడు. పచ్చిక బయళ్లు డేరాలతో నిండిపోయాయి, వానలకు బురద గుంటలయ్యాయి. కందకాల గోడలకు ఊతంగా కలప కావాలంటే ఆయన బీచ్ చెట్లను కొట్టుకోనిచ్చాడు. ఆ కలప మోయడానికి వెండోవర్ స్టేషన్ నుంచి చిన్న రైలు దారి వేశారు.

1917లో విమాన మెకానిక్‌ల శిక్షణ అక్కడికి చేరింది. యుద్ధ ఖైదీలుగా పట్టుబడిన జర్మన్లు అక్కడి వర్క్‌షాపుల నిర్మాణానికి చెమటోడ్చారు. ఆల్‌ఫ్రెడ్ 1918 జనవరిలో కన్నుమూశాడు. వారసుడికి ఆ ఎస్టేటు మీద మక్కువ లేదు. 1,12,000 పౌన్లకు ప్రభుత్వం కొనేసింది. మేడ అధికారుల మెస్ అయింది, పొలాలు పరేడ్ మైదానాలయ్యాయి.

అంతా సిద్ధం కావడానికి కొంత కాలం పట్టింది. మొదటి నాలుగు జట్ల కుర్రాళ్లను క్రాన్‌వెల్‌లోనే దింపుకోవలసి వచ్చింది. 1922 జనవరిలో అయిదో జట్టుతో హాల్టన్‌లో అసలు బడి మొదలైంది. జట్టును వాళ్లు ఎంట్రీ అంటారు. హాల్టన్‌లో చదివినవాళ్లు ముసలితనంలో కలుసుకున్నా ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న, మీది ఎన్నో ఎంట్రీ అని.

ట్రెంచార్డ్ పిల్లలనే ఎందుకు కోరుకున్నాడు? చేయి తిరిగిన పనివాడికి బయట ఫ్యాక్టరీలో మంచి జీతం వస్తుంటే, ఇల్లూ వాకిలీ వదిలి ఇరాక్ ఎడారికో మన వాయవ్య సరిహద్దు కొండలకో పోయే వైమానిక దళ ఉద్యోగానికి ఎందుకు వస్తాడు? వచ్చేవాడు లేనప్పుడు తయారు చేసుకోవడం ఒక్కటే దారి. బయట అప్రెంటిస్‌కు అయిదేళ్లు పట్టే పనిని మూడేళ్లలో నేర్పాలని లెక్క వేశారు. పోటీ పరీక్ష పెట్టారు. దేశమంతటి నుంచీ బడి పిల్లలు రాశారు. కళాశాల చదువు చెప్పించే స్తోమత లేని గుమాస్తాల, దుకాణదారుల, పనివాళ్ల ఇళ్ల పిల్లలే ఎక్కువ. చురుకైన పిల్లవాడికి చదువూ అన్నమూ బట్టా పనీ ఒక్కచోట దొరికే అవకాశం అది. మన ఊళ్లలో రైల్వే అప్రెంటిస్ పరీక్షకు కూర్చున్న కుర్రాళ్లను చూసిన వారికి ఆ ఇళ్లలోని ఆత్రుత తేలిగ్గా అర్థమవుతుంది.

మూడేళ్ల జీవితం మెత్తగా ఉండేది కాదు. మెయిట్‌లాండ్, గ్రోవ్స్, హెండర్సన్, పెయిన్ అని సేనాధికారుల పేర్లు పెట్టిన బారక్‌లు. వరసగా ఇనుప మంచాలు. పొద్దున్నే బూర మోత. పక్క చుట్టి పెట్టడానికి ఒక కొలత, బూటు మెరుపుకు ఒక కొలత. కొండ వాలున ఉన్న బారక్‌ల నుంచి కింద ఉన్న వర్క్‌షాపులకు బ్యాండు ముందు నడుస్తుంటే వందల మంది కుర్రాళ్లు కవాతు చేస్తూ దిగేవాళ్లు. ఎడమ చేతి మీద వలయంలో నాలుగు రెక్కల ప్రొపెల్లరు ఉన్న ఇత్తడి గుర్తు. వీళ్ల టోపీ పట్టీ రంగు ఏ విభాగం వాడో చెప్పేసేది. ట్రెంచార్డ్ పిల్లకాయలు అని దళంలో పాతవాళ్లు మొదట చులకనగానే పిలిచారు. తర్వాత ఆ పేరునే వాళ్లు గర్వంగా పెట్టుకున్నారు.

వర్క్‌షాపులో మొదటి రోజుల్లో విమానం ఊసే ఉండదు. బెంచి, దానికి బిగించిన వైస్, ఒక ఇనుప ముక్క, ఒక సుత్తి, ఒక ఉలి, ఒక ఆకురాయి. ఆ ముక్కను చదరంగా రుద్దాలి. ఒక ముఖం సరిగ్గా వచ్చిందనుకుంటే పక్క ముఖం మూల మట్టానికి రాదు. దాన్ని సరిచేస్తే ముక్క పొట్టిదైపోతుంది. ఉలి మీద పడాల్సిన సుత్తి దెబ్బ వేలి మీద పడుతుంది. వారాల తరబడి ఇదే పని. కొత్తవాళ్లకు ఇది శిక్షలా అనిపించి ఉంటుంది. కానీ చేతికి లోహం తెలిసేది ఇక్కడే. ఎంత నొక్కితే ఎంత పోతుందో, ఎక్కడ ఆగాలో, అంగుళంలో వెయ్యో వంతు అంటే ఏమిటో కంటికీ వేళ్లకూ పట్టుబడేది ఇక్కడే. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చదివిన శ్రోతలు ఎవరైనా వింటుంటే, ఆ ఆకురాయి చప్పుడు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత ఎవరి పని వాళ్లకు పంచుతారు. ఇంజను ఫిట్టరు, విమాన శరీరాన్ని చూసుకునే రిగ్గరు, ఆయుధాలు చూసే ఆర్మరరు, ఇంకా ఇతరులు. మొదటి ఎంట్రీల కాలంలో విమానమంటే కర్ర చట్రం, దాని మీద బట్ట, బట్ట మీద పూత, అడ్డదిడ్డంగా బిగించిన తీగలు. అందుకే అప్పటి రిగ్గరుకు వడ్రంగం రావాలి. పదేళ్లు తిరిగేసరికి విమానం లోహపుదైంది, వడ్రంగం తెలిసిన రిగ్గరు స్థానంలో లోహం తెలిసిన రిగ్గరు వచ్చాడు. బడి సిలబస్ విమానం వెంట పరుగెత్తవలసి వచ్చింది. పాఠం ముగిశాక పాత విమానాల మీద విప్పడం, బిగించడం, చివరికి మైదానంలో ఇంజను నడిపి చూడడం.

ఇంత వరకే అయితే ఇది మంచి వర్క్‌షాపు మాత్రమే. హాల్టన్‌ను నేను ఇంతగా అభిమానించడానికి కారణం రెండో సగం. వారంలో కొన్ని పూటలు ఆ కుర్రాళ్లు తరగతి గదిలో కూర్చునేవాళ్లు. గణితం, యంత్ర శాస్త్రం, ఇంజనీరింగ్ డ్రాయింగ్, ఇంగ్లీషు, చరిత్ర. పట్టాలున్న పంతుళ్లు పౌర దుస్తుల్లో వచ్చి చెప్పేవాళ్లు. పనివాడికి గణితం ఎందుకు, బోల్టు బిగించడానికి చరిత్ర ఎందుకు అని అడిగినవాళ్లు ఆ రోజుల్లో తక్కువేమీ కాదు. బిగించే బోల్టు ఎందుకక్కడ ఉందో తెలిసిన మనిషి, చెప్పింది చెప్పినట్టు బిగించే మనిషి కంటే ఎక్కువ చూస్తాడని ఆ బడి నమ్మింది.

ఆ పంతుళ్లలో సి. హెచ్. లాటిమర్ నీడమ్ అనే ఆయన ఉండేవాడు. హాల్టన్‌లో ఒక ఏరో క్లబ్ పెట్టి, తాను గీసిన చిన్న విమానాన్ని అక్కడి వర్క్‌షాపుల్లోనే కట్టించాడు. మేఫ్లై అని పేరు పెట్టిన ఆ విమానం 1927 జనవరిలో ఎగిరింది. అదే మనిషి మూడు దశాబ్దాల తర్వాత, నీటి మీద గాలి దిండుపై జారే హోవర్‌క్రాఫ్ట్‌కు మెత్తటి అంచు చుట్టే పద్ధతిని కనిపెట్టాడు. ఇవాళ ఏ హోవర్‌క్రాఫ్ట్ చూసినా చుట్టూ వేలాడే రబ్బరు పావడా లాంటి అంచు ఆ ఆలోచనే. అలాంటి మాస్టారు ఉన్న బడిలో చదువుకోవడమంటే ఎంత భాగ్యం!

ఈ పథకం వల్ల లోకానికి దక్కిన అతి పెద్ద ఫలం ఫ్రాంక్ విటిల్. ఆయన చదివింది హాల్టన్ ప్రాంగణంలో కాదు, అదే అప్రెంటిస్ పథకం కింద క్రాన్‌వెల్‌లో ఉన్న రెండో బడిలో. కానీ ఆయన కథ మొదలైంది మాత్రం హాల్టన్ గుమ్మంలోనే. 1907లో కొవెంట్రీలో పుట్టాడు. తండ్రి మెకానిక్. చిన్న వర్క్‌షాపు నడుపుతుంటే కొడుకు యంత్రాల మధ్య పెరిగాడు. 1923 జనవరిలో రాత పరీక్ష నెగ్గి హాల్టన్‌కు వచ్చాడు. అయిదు అడుగుల ఎత్తు, బక్క ఛాతీ. వైద్య పరీక్షలో రెండు రోజుల్లో తిప్పి పంపేశారు. అక్కడి వ్యాయామ శిక్షకుడు ఒకాయన జాలిపడి ఏం తినాలో, ఏ కసరత్తు చేయాలో చెప్పాడు. కొన్ని నెలల్లో కుర్రవాడు మూడు అంగుళాలు పెరిగాడు, ఛాతీ కూడా విచ్చుకుంది. మళ్లీ వెళితే, ఒకసారి కాదన్నవాణ్ణి రెండోసారి తీసుకోం అన్నారు. అతను వెనక్కి తగ్గలేదు. పాత సంగతి ఎత్తకుండా, కొత్తవాడిలా మొదటి నుంచీ దరఖాస్తు పెట్టి, పరీక్షలన్నీ తిరిగి రాసి, ఆ సెప్టెంబర్‌లో లోపలికి వచ్చాడు.

వచ్చాక సుఖపడ్డాడా అంటే లేదు. ఆ కవాతులు, ఆ క్రమశిక్షణ అతనికి గిట్టలేదు. ఒక దశలో పారిపోదామని గట్టిగానే ఆలోచించాడు. అతన్ని నిలబెట్టింది నమూనా విమానాల సంఘం. అక్కడ అతను కట్టిన నమూనాల నైపుణ్యం కమాండింగ్ అధికారి కంట పడింది. గణితంలో కుర్రవాడు అసాధారణుడని కూడా ఆయన గమనించాడు. అప్రెంటిస్‌లలో మేటి కొద్దిమందికి ఏటా క్రాన్‌వెల్ అధికారుల కళాశాలలో సీటు ఇచ్చే ఏర్పాటు ఉంది. మామూలుగా అక్కడ కొడుకును చేర్చాలంటే తండ్రికి డబ్బుండాలి. 1926లో అర్హుల వరసలో విటిల్ ఆరో వాడు, సీట్లు అయిదు. ముందున్న ఒకడు వైద్య పరీక్షలో తప్పాడు. సీటు విటిల్‌కు వచ్చింది.

1928లో అక్కడ అతను రాసిన వ్యాసం విమానాల భవిష్యత్తు గురించి. 1930 జనవరిలో జెట్ ఇంజనుకు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1935లో దాన్ని కొనసాగించడానికి అయిదు పౌన్లు కట్టాల్సి వస్తే, ఆ డబ్బు అతని దగ్గర లేదు, ప్రభుత్వం కట్టనంది. పేటెంటు రద్దయిపోయింది. అయినా స్నేహితుల సాయంతో కంపెనీ పెట్టి, 1937 ఏప్రిల్ 12న ఇంజనును నడిపి చూపించాడు. 1941 మే 15న బ్రిటన్ మొదటి జెట్ విమానం పైకి లేచింది. లేచిన చోటు క్రాన్‌వెల్. పదహారేళ్ల వయసులో ఆకురాయి పట్టిన చోటే, ముప్పై మూడేళ్ల వయసులో తన ఇంజను గగనంలోకి పోవడం చూశాడు. ఎత్తు చాలదని తిప్పి పంపిన ఆ జనవరిలోనే అతను ఊరుకుని ఉంటే ఏమయ్యేదో అని తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

విటిల్ పేరు చాలామందికి తెలుసు. థామస్ గ్రే పేరు తెలిసినవాళ్లు తక్కువ. విల్ట్‌షైర్ పల్లె నుంచి 1929లో హాల్టన్‌కు వచ్చాడు. ఇంజను ఫిట్టర్ అయ్యాడు. తర్వాత విమాన సిబ్బందిలో చేరి సార్జెంట్ అయ్యాడు. 1940 మే 12న బెల్జియంలో ఆల్బర్ట్ కాలువ మీది వంతెనల గుండా జర్మన్ సైన్యం దూసుకొస్తోంది. వంతెనలను కూల్చడానికి 12వ స్క్వాడ్రన్ నుంచి అయిదు ఫెయిరీ బ్యాటిల్ బాంబర్లు బయలుదేరాయి. ఆ విమానాలు అప్పటికే నెమ్మదైనవి, పాతబడినవి. కింద తుపాకులు, పైన ఫైటర్లు. తిరిగి వచ్చింది ఒక్కటే. ముందున్న విమానంలో పైలట్ డోనల్డ్ గార్లాండ్, దారి చూపే అబ్జర్వర్ గ్రే, వెనక తుపాకి దగ్గర లారెన్స్ రేనాల్డ్స్. ముగ్గురూ పోయారు. గార్లాండ్‌కూ గ్రేకూ విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ యుద్ధంలో వైమానిక దళానికి వచ్చిన మొదటి విక్టోరియా క్రాస్‌లు అవే. రేనాల్డ్స్‌కు ఏమీ ఇవ్వలేదు. అదే విమానం, అదే బాంబు, అదే చావు. హోదాలో చిన్నవాడు కాబట్టి నిర్ణయాలలో అతనికి పాత్ర లేదన్నది తర్వాత చెప్పుకున్న కారణం. ఆ కారణం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

యుద్ధానంతరం పాకిస్తాన్, బర్మా, సిలోన్, న్యూజీలాండ్ లాంటి దేశాల కుర్రాళ్లు కూడా హాల్టన్‌కు వచ్చి చదువుకున్నారు. 1952లో రెండో ఎలిజబెత్ రాణి ఆ బడికి పతాకం బహూకరించింది. ఆ తర్వాత కాలం మారింది. బ్రిటన్‌లో పిల్లలు బడిలో ఉండాల్సిన వయసును 1947లో 15 ఏళ్లకు, 1972లో 16 ఏళ్లకు పెంచారు. చురుకైన పిల్లలు ఇంకా పై చదువులకు పోతున్నారు. మూడేళ్ల పాటు ఒక కుర్రవాణ్ణి పోషించి నేర్పడం కంటే, చదువుకుని వచ్చిన పెద్దవాళ్లకు కొద్ది నెలల కోర్సు చవక. 1993 జూన్‌లో 155వ ఎంట్రీ చివరి కవాతు చేసింది. నంబర్ వన్ బడి పేరుతో సహా కాస్‌ఫర్డ్‌కు తరలిపోయి ఇప్పటికీ నడుస్తోంది. లెక్క ప్రకారం ఆ మార్పు సరైనదే కావచ్చు. కానీ తరగతి గదినీ వర్క్‌షాపునూ మూడేళ్లు కలిపి ఉంచడంలో ఉన్నదేదో ఆ లెక్కలోకి రాలేదని నా అభిప్రాయం.

ఇక మన సంగతి. భారత వైమానిక దళం 1932 అక్టోబర్ 8న ఏర్పడింది. మొదటి స్క్వాడ్రన్ 1933 ఏప్రిల్ 1న కరాచీ దగ్గర డ్రిగ్ రోడ్‌లో నాలుగు వాపిటి విమానాలతో మొదలైంది. దాని భారతీయ అధికారులు శిక్షణ పొందింది విటిల్ చదివిన ఆ క్రాన్‌వెల్ కళాశాలలోనే. వారిలో ఒకరైన సుబ్రతో ముఖర్జీ తర్వాత మన వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి అయ్యాడు. మరి మెకానిక్‌లు? వాళ్లను హవాయీ సిపాయిలు అన్నారు. హాల్టన్ లాంటి బడి వాళ్లకు ఎవరూ కట్టలేదు. డ్రిగ్ రోడ్‌లోని బ్రిటిష్ డిపో వర్క్‌షాపుల్లో పని చేస్తూ, బ్రిటిష్ ఎయిర్‌మెన్ పక్కన నిలబడి నేర్చుకున్నారు. భారతీయుల చేతికి ఇంజను అప్పగిస్తే విమానం గాలిలో నిలుస్తుందా అని బాహాటంగానే అనుమానించిన రోజులవి.

ఆ సిపాయిల్లో హర్జీందర్ సింగ్ ఒకడు. లాహోర్ మక్లాగన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవాడు. ఇంజనీరు ఉద్యోగానికి తగిన మనిషి, సిపాయిగా చేరాడు. భారతీయులు తమ విమానాలను తామే చూసుకోగలరని చూపించాలన్న పట్టుదలే అందుకు కారణం. తొలి భారతీయ వారంట్ ఆఫీసర్ అయ్యాడు. 1942లో కమిషన్ వచ్చింది. అట్టడుగు మెట్టు నుంచి ఎయిర్ వైస్ మార్షల్ దాకా ఎక్కాడు. హాల్టన్ కుర్రాళ్లకు ట్రెంచార్డ్ తెరిచి పెట్టిన తలుపు లాంటిది మన వాళ్లకు లేకపోతే, తోసుకుని తెరిచినవాడు ఇతను.

దేశ విభజనతో డ్రిగ్ రోడ్ పాకిస్తాన్‌కు పోయింది. నేర్పే చోట్లు మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. 1949లో బెంగళూరు జలహళ్లిలో సాంకేతిక శిక్షణ కళాశాల మొదలైంది. మన ఆంధ్ర, తెలంగాణ ఊళ్ల నుంచి ఎయిర్‌మెన్‌గా వెళ్లిన ఎందరికో జలహళ్లి, తాంబరం అన్న పేర్లు సొంత ఊరి పేర్ల లాంటివి. సెలవుకు వచ్చినప్పుడు, విమానం నడుపుతావా అని చుట్టాలు అడిగితే, లేదు బాబాయ్, నడిచేలా చూస్తాను అని చెప్పుకున్నవాళ్లు వాళ్లు.

ఆ తొలి రోజుల్లోనే కాన్పూర్‌లో మరో సంగతి జరిగింది. బ్రిటిష్ వారు వెళుతూ వెళుతూ అక్కడ పెద్ద లిబరేటర్ బాంబర్లను ఎగరకుండా పాడుచేసి, గుట్టలుగా పడేసి పోయారు. వాటిని మళ్లీ ఎగిరించడం జరగని పని అనుకున్నారు. హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వారి మనుషులు వాటిలో పనికొచ్చే భాగాలు ఏరి, బతికే విమానాలను ఒక్క పయనానికి సరిపడా బాగుచేశారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటే బెంగళూరుకు ఎగిరించుకు వచ్చాడు. అక్కడ వాటిని పూర్తిగా మరమ్మతు చేశారు. 1948 నవంబర్‌లో ఏర్పడిన 5వ స్క్వాడ్రన్ ఆ లిబరేటర్లతోనే మొదలైంది. జరగదన్న పనిని జరిపించింది ఏ కొత్త యంత్రమూ కాదు. పాడైన లోహాన్ని చూసి, ఇది పనికొస్తుంది, ఇది రాదు అని చెప్పగల చేతులు.

అదే కాన్పూర్‌లో తర్వాత హర్జీందర్ సింగ్ మెయింటెనెన్స్ కమాండ్‌కు అధిపతిగా ఉండి, ఆవ్రో 748 రవాణా విమానాన్ని వైమానిక దళం వాళ్లే మన దేశంలో కట్టాలని పట్టుబట్టాడు. డిపో హ్యాంగర్లలోనే పని మొదలుపెట్టించాడు. డ్రిగ్ రోడ్ నాటి సహచరుడు సుబ్రతో ముఖర్జీ 1960లో మరణించాడు. మన చేతుల మీద తయారైన మొదటి ఆవ్రోకు ఆయన పేరే పెట్టారు. సుబ్రతో అనే ఆ విమానం 1961 నవంబర్ 1న కాన్పూర్‌లో తొలిసారి ఎగిరింది.